కమిటీ వారు బాధ్యులు కారు

సంక్రాంతికి ఇంకా నెల రోజులుంది. మీరు గన్నవరం పక్కన ఒక పల్లెలో యువజన సంఘానికి కార్యదర్శి అనుకోండి. సాయంత్రం ఐదున్నర. ఏలూరు కాలువ పక్కన టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. హైవే మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. కోత కోసిన చేల మీదుగా పచ్చిగడ్డి వాసన వస్తోంది. చేతిలో ఫోను, ఫోనులో పోస్టరు. డీటీపీ షాపు కుర్రాడు ఇందాకే పంపాడు.

పోస్టరు నిండుగా ఉంది. పైన దేవుడి బొమ్మ, దాని కింద వరసగా పెద్దల ఫొటోలు. మధ్యలో జూలు ఎగరేస్తూ దూసుకొస్తున్న తెల్లగుర్రం. ‘సంక్రాంతి సంబరాల సందర్భంగా జాతీయ స్థాయి గుర్రపు పందేలు’ అని పసుపురంగు అక్షరాలు. ప్రథమ బహుమతి 50 వేలు. ప్రవేశం మనిషికి 50 రూపాయలు. పిల్లలకు గుర్రపు స్వారీ ప్రత్యేకం, పేర్ల నమోదుకు లింకు. డ్రోన్ కవరేజి, లైవ్ ప్రసారం, బాణసంచా. అన్నిటికంటే కింద, ఎవరూ చదవని సన్నటి అక్షరాల్లో రెండు ముక్కలు: ‘కమిటీ వారిదే తుది నిర్ణయం. ఎటువంటి ప్రమాదాలకూ కమిటీ వారు బాధ్యులు కారు.’

వాట్సాప్ గ్రూపులు ఎంచుకున్నారు. ఫేస్‌బుక్ పేజీలో పెట్టడానికి అంతా సిద్ధం. ఇక నొక్కడమే మిగిలింది.

అప్పుడే మీ బాబాయి స్కూటరు ఆపాడు. గన్నవరం కోర్టులో ప్లీడరు. నల్లకోటు మడిచి ముందు బుట్టలో పెట్టి ఉంది. టీ చెప్పి పక్క కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు.

“ఏదీ, ఇలా ఇవ్వు.”

పోస్టరును రెండు వేళ్లతో పెద్దది చేశాడు. గుర్రాన్ని చూడలేదు, బహుమతులు చూడలేదు. తిన్నగా అడుగుకు పోయాడు.

“ఈ ఆఖరి లైను ఎవరు రాశార్రా?”

“డీటీపీ అబ్బాయి, బాబాయ్. అన్ని పోస్టర్లకీ వేస్తాడు.”

“ఈ లైనుకు కోర్టులో నిలబడే బలం లేదు. పైనున్న లైన్లన్నిటికీ మాత్రం ఉంది. పైన రాసింది నువ్వు చేస్తానన్న పని. కింద రాసింది ఆ పనికి నేను జవాబు చెప్పనని. రెండూ ఒకే కాగితం మీద కుదరవు.”

మీకు కొంచెం చిరాకేసింది. ప్రబలైనా, తిరునాళ్లయినా, క్రికెట్ టోర్నమెంటయినా, కబడ్డీ అయినా ఆ లైను లేని పోస్టరు మీరు చూడలేదు. బాబాయి టీ గ్లాసు అందుకుని మీరట్ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. 2006 ఏప్రిల్ 10న అక్కడ విక్టోరియా పార్కులో వినియోగ వస్తువుల ప్రదర్శన జరిగింది. తాత్కాలికంగా వేసిన పందిళ్లకు నిప్పంటుకుంది. 65 మంది పోయారు. పందిరి, కరెంటు పనులన్నీ కాంట్రాక్టరుకు అప్పజెప్పామని, తప్పు అతనిదేనని నిర్వాహకులు వాదించారు. కేసు పదహారేళ్లు నడిచింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. జనాన్ని పిలిచింది నిర్వాహకులు కాబట్టి వాళ్ల క్షేమం కూడా నిర్వాహకులదేనంది. పరిహారంలో 60 శాతం నిర్వాహకుల మీద, 40 శాతం ప్రభుత్వం మీద పెట్టింది.

“అక్కడ గుర్రాల్లేవు. నీ దగ్గర జనంతో పాటు గుర్రాలు కూడా ఉంటాయి,” అన్నాడు బాబాయి.

పోస్టరు పైకి జరిగింది. బాబాయి వేలు ‘ప్రవేశం 50 రూపాయలు’ దగ్గర ఆగింది.

జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. అందులో ప్రదర్శన అంటే టికెట్ అమ్మి జనాన్ని రానిచ్చే వినోదం. అలాంటి చోట ఏ జంతువును ప్రదర్శించాలన్నా 22వ సెక్షన్ కింద ముందు రిజిస్టర్ చేయించాలి. 2001లో వచ్చిన ప్రదర్శన జంతువుల నియమాలు ఇంకా తేటగా చెప్పాయి. ప్రదర్శన జంతువు అంటే ఏమిటో చెప్పేటప్పుడు సినిమాతో పాటు జనం వచ్చే గుర్రపు పోటీలను కూడా ఆ నిర్వచనంలోనే చేర్చాయి. రిజిస్ట్రేషన్ ఇచ్చేది భారత జంతు సంక్షేమ మండలి. ఒకప్పుడు చెన్నైలో ఉండేది, 2018 నుంచి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంటోంది.

“అంటే తహసీల్దారు ఆఫీసులో ఒక అర్జీ పడేస్తే అయ్యే పని కాదు,” అన్నాడు. “ఏ గుర్రం, ఎవరిది, దానితో ఏం చేయిస్తారు, అన్నీ రాసి అక్కడికి పంపాలి. వాళ్లు చూడాలి. నువ్వేమో ఇవాళ పోస్టరు పెట్టి వచ్చే నెల పందెం అంటున్నావు.”

“ఊళ్లల్లో ఎడ్ల పోటీలు జరగట్లేదా బాబాయ్? వాటికెవరు అడుగుతున్నారు?”

బాబాయికి ఈ ప్రశ్న కొత్త కాదు. ఎద్దు సంగతి వేరు. 2011లో కేంద్రం ఎద్దును ప్రదర్శించకూడని జంతువుల జాబితాలో చేర్చింది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం అప్పటికే అందులో ఉన్నాయి. 2014 మే 7న నాగరాజ కేసు తీర్పులో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను ఆపేసింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఆ 1960 చట్టానికి తమ తమ రాష్ట్రాల వరకు సవరణలు చేసుకున్నాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను నిలబెట్టింది. అవి ఆ మూడు రాష్ట్రాలవి. గుర్రం ఆ నిషేధ జాబితాలో లేదు. గుర్రంతో పోటీ పెట్టవచ్చు. చట్టం దారి చూపించింది, ఆ దారిన నడవమనే అడుగుతోంది. నాకు తెలిసినంతలో నిర్వాహకులు పట్టించుకోనిది సరిగ్గా ఈ తేడానే. చేయకూడని పనికీ, పద్ధతిగా చేయాల్సిన పనికీ మధ్య గీత కనపడక రెండిటినీ ఒకే ధైర్యంతో చేసేస్తున్నారు.

కోడిపందేల అలవాటు కూడా ఇందులో ఉంది. అంపాపురం, ఈడుపుగల్లు పేర్లు ప్రతి సంక్రాంతికీ వింటూనే ఉంటాం. 1960 చట్టం 11వ సెక్షన్‌లో జంతువుల పోరు నడిపినవాడితో పాటు, దానికి స్థలం ఇచ్చినవాడు, లోపలికి పంపడానికి డబ్బు తీసుకున్నవాడు కూడా నేరస్తులే. 2016 డిసెంబరులో అప్పటి ఉమ్మడి హైకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా అమలు చేయమంది. అయినా బరులు లేస్తూనే ఉన్నాయి. ఏటా కళ్లముందు జరిగేది చూసి, పండగ మూడు రోజులూ చట్టం కూడా సెలవులో ఉంటుందని కుర్రాళ్లు నమ్మేశారు. మీరు కూడా ఈ పోస్టరు తయారుచేయించింది ఆ నమ్మకంతోనే.

“టికెట్ తీసేస్తే?” అన్నారు మీరు.

“తీసేస్తే 22వ సెక్షన్ మీద వాదించుకోవచ్చు, నీ ఫీజు పుచ్చుకుని నేనే వాదిస్తా. కానీ జంతువును చేతిలో పెట్టుకున్నవాడు దాన్ని బాగా చూసుకోవాలని చెప్పే 3వ సెక్షన్‌కు టికెట్‌తో పని లేదు. 11వ సెక్షన్‌కూ లేదు. కొత్త న్యాయసంహిత 291కీ లేదు. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా చూడాల్సినవాడు నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల జైలు, 5 వేల జరిమానా దాకా ఉంది. మనిషి పోతే 106. ఐదేళ్ల దాకా.”

టీ చల్లారింది. బాబాయి ఫోను తిరిగిచ్చాడు కానీ ఒక మాట తీసుకున్నాడు. గుర్రాలను చూడకుండా పోస్టరు పెట్టవద్దన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికి చేలో ఉన్నారు. మీ మేనమామ పొలం, రెండెకరాలు. వరి కోసి, మోపులు తీసేసి, పందేలకని మినుము చల్లకుండా ఉంచారు. మంచు ఇంకా విడలేదు. విజయవాడ నుంచి గుర్రాలాయన చిన్న లారీలో రెండు గుర్రాలు తెచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చేవి. పందేనికి ఇంకో పది సర్దుతానని మాట. బాబాయి పరిచయంతో ఒక పశువైద్యుడు కూడా వచ్చారు. మీ ఊరి పక్కనే పశువైద్య కళాశాల ఉండి, ఒక్క డాక్టరుకు కూడా చూపించకుండా గుర్రాల పోటీ పెట్టడం ఏ రకంగా చూసినా తప్పే.

గుర్రాలు దిగడం చూడండి. లారీ వెనక తలుపు తీశారు. మెట్ల పలక లేదు. గట్టు పక్కకు లారీని ఆనించి, గుర్రాన్ని మెల్లగా వెనక్కి నెట్టారు. వెనక కాలు గాల్లో రెండుసార్లు నేల వెతుక్కుంది. మూడోసారి గట్టు అంచున పడింది, మట్టి పెళ్ల విరిగింది, గుర్రం తూలి నిలదొక్కుకుంది. గుర్రాలాయన “ఆగాగు” అంటూ మెడ నిమిరాడు. ప్రేమగానే నిమిరాడు.

“ప్రయాణానికి సర్టిఫికెట్ ఉందా?” డాక్టరు గారు అడిగారు.

“విజయవాడ నుంచే గదండీ.”

1978 నాటి జంతు రవాణా నియమాల్లో గుర్రాలకు వేరే అధ్యాయమే ఉంది. ప్రయాణం చేయగలదని, అంటురోగం లేదని పశువైద్యుడు రాసివ్వాలి. ఒక లారీలో నాలుగు నుంచి ఆరు గుర్రాల కంటే ఎక్కకూడదు. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వెదురు బొంగులు కట్టాలి. ‘ఇక్కడి నుంచి ఇక్కడికే కదా’ అన్న మాటకు అందులో చోటు లేదు. దూరప్రయాణంలో ఏమవుతుందో 2025లో తెలుగువాళ్లకు దగ్గరగానే కనపడింది. ఏప్రిల్ చివర, మే మొదట్లో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు 57 గుర్రాలను తరలించారు. చేరిన రోజుల్లోనే ఎనిమిది చనిపోయాయి. తర్వాత ఆ లెక్క ఇంకా పెరిగింది. గ్లాండర్స్ ఏమోనని నమూనాలు హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపారు. ఆ గుర్రాలతో ఆన్‌లైన్‌లో పందేలు నడిపారన్న ఆరోపణలు కూడా బయటికొచ్చాయి. మండుటెండల్లో అన్ని వందల కిలోమీటర్లు లారీల్లో పోయిన ఆ మూగజీవాల్లో ఒక్కటి కూడా తనకై తాను పోటీకి పేరు ఇచ్చుకోలేదు.

గ్లాండర్స్ పేరు మీరు ఇదే వినడం. డాక్టరు గారు గుర్రం ముక్కు కింద చెయ్యి పెట్టి చీమిడి ఉందేమో చూస్తూ చెప్పారు. గుర్రాలకూ గాడిదలకూ వచ్చే బాక్టీరియా జబ్బు. మనుషులకు కూడా అంటుకుంటుంది. పరీక్షలో తేలితే ఆ గుర్రాన్ని బతకనివ్వరు. అంటువ్యాధుల నిరోధానికి 2009లో వచ్చిన చట్టం జాబితాలో ఉన్న రోగం ఇది. ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారంటే అక్కడ సంతలు, ప్రదర్శనలు బంద్. పది చోట్ల నుంచి వచ్చిన పన్నెండు గుర్రాలు ఒకే తొట్టిలో నీళ్లు తాగితే, ఒక్కదాని జబ్బు పన్నెండింటికీ, వాటిని పట్టుకున్నవాళ్లకూ చేరుతుంది. రక్తపరీక్ష కాగితం లేని గుర్రాన్ని దించుకోనని పోస్టరులోనే రాయాలన్నారు.

తర్వాత కళ్లెం తీయమన్నారు.

గుర్రాలాయన కొంచెం తటపటాయించాడు. పూసలు, అద్దాలు కుట్టిన తలకట్టు విప్పాడు. దాని వెనక నోటి ఇనుము వచ్చింది. చొంగతో తడిసి ఉంది. డాక్టరు గారు దాన్ని తుడిచి మీ అరచేతిలో పెట్టారు. చల్లగా, బరువుగా ఉంది. బుగ్గలకు ఆనేవైపు చిన్న చిన్న ముళ్లు వరసగా ఉన్నాయి. వేలితో నొక్కారు, వేలిమీద చుక్కల్లాగా గుంటలు పడ్డాయి. “ఇప్పుడు ఇటు చూడండి,” అన్నారు. గుర్రం పెదవి మెల్లగా పైకెత్తారు. నోటి మూల చర్మం మొద్దుబారి తెల్లగా ఉంది. ఆ తెలుపు మధ్యలో సన్నగా ఎర్రటి చీలిక. కొత్తది. గుర్రం తల వెనక్కి లాక్కుంది కానీ కరవలేదు.

“ఇది లేకపోతే ఆగదు సార్,” గుర్రాలాయన గొంతు తగ్గించి అన్నాడు. “పెళ్లిలో డీజే పెట్టెలు చెవి పక్కన పెడతారు. టపాసులు కాళ్ల దగ్గర కాలుస్తారు. మీద పెళ్లికొడుకు ఉంటాడు. బెదిరిందంటే నన్ను కొడతారు.”

అతను అబద్ధమాడటం లేదు. జంతువును తోలడానికైనా, స్వారీకైనా ముళ్ల కళ్లెం వాడకూడదని 1965 నాటి నియమాల్లో 8వ నియమం ఉంది. అరవై ఏళ్లుగా ఉంది. అయినా దాన్ని అతని చేతిలో పెట్టించింది చెవి పక్కన డీజే పెట్టిన మనమే. ప్రదర్శన జంతువుల నియమాలు జంతువు దగ్గర కావాలని పెద్ద చప్పుడు చేయకూడదంటాయి, నిప్పు దగ్గరికి తీసుకుపోకూడదంటాయి. మీ పోస్టరులో ‘బాణసంచా’ అని రాసి ఉంది.

అంతలో విమానం వచ్చింది. గన్నవరంలో పుట్టినవాళ్లు తల కూడా ఎత్తరు. గుర్రం చెవులు రెండూ వెనక్కి పడుకున్నాయి, కంటి తెల్లగుడ్డు బయటికొచ్చింది, ముందుకాళ్లు రెండు అడుగులు పక్కకు వేసింది. డాక్టరు గారు మిమ్మల్ని భుజం పట్టి వెనక్కి లాగారు. ఆ రెండు అడుగుల్లో మీ కాలు ఉండి ఉంటే వేళ్లు నుజ్జయ్యేవి. మీరు లింకు పెట్టి పేర్లు అడిగిన పిల్లలు ఎక్కేది ఇలాంటి గుర్రం మీదే. బాణసంచా, డ్రోను వీటి పైన. విమానాశ్రయం పక్కన డ్రోన్ ఎగరేయడానికి 2021 డ్రోన్ నియమాల కింద అనుమతి కావాలన్నది బాబాయి నిన్ననే చెప్పాడు. గుర్రం నెత్తిమీద డ్రోన్ తిప్పకూడదని చెప్పడానికి ప్లీడరు అక్కర్లేదు, ఈ ఉదయం చాలు.

నేల కూడా చూడాలి. చేలో నడవండి. రేగడి భూమి, నీళ్లు తీసి నెల దాటింది. నెర్రెలు విచ్చాయి. ఒకదాంట్లో చెయ్యి పెట్టారు. మణికట్టు దాకా దిగింది. పక్కనే వరి కొయ్యలు మొనదేలి ఉన్నాయి. 300, 400 కిలోల జంతువు పరుగు మీద ఉన్నప్పుడు ఆ నెర్రెలో గిట్ట పడితే కాలు విరుగుతుంది. విరిగిన గుర్రం కాలు అతుక్కోవడం చాలా కష్టం, చాలాసార్లు మత్తుసూది ఇచ్చి పంపేయడమే వైద్యం. “మరి సర్వీసు రోడ్డు మీద పెడదామా?” అని మీ స్నేహితుడెవరో అన్నాడు. నాడాలు లేని గుర్రాన్ని గట్టినేల మీద నడిపించకూడదని కూడా ఆ 2001 నియమాల్లోనే ఉంది. ఈ రెండింటిలో ఒకదానికి వెనక గిట్టల నాడాలు అరిగిపోయి ఉన్నాయి.

మరి పోటీలు జరిగేచోట ఎలా జరుగుతాయి? అనకాపల్లి వైపు తీర్థాలకు గుర్రపు పందేలు పెట్టే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సంబరం నిజమైనది, ఆ ఊళ్లకు ఆ గుర్రాలంటే గర్వం. హైదరాబాద్ మలక్‌పేటలో రేసుకోర్సు 1886 నుంచి ఉంది. లైసెన్సు లేని రౌతు అక్కడ గుర్రం ఎక్కలేడు. కొరడా విషయంలో 2001 నియమాలు ఎంత సూక్ష్మంగా ఉన్నాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గాలి నింపిన మెత్తటి కొరడానే వాడాలి. చెయ్యి భుజం కంటే పైకెత్తి కొట్టకూడదు. ఒక పందెంలో మూడు దెబ్బలకు మించకూడదు. రెండేళ్ల గుర్రాన్ని అసలు కొట్టకూడదు. గెలుపు గీత దాటాక కొట్టకూడదు. పందెంలో వెనకబడిపోయిన గుర్రాన్ని కూడా కొట్టకూడదు. ఈ ఆఖరి రెండూ రాసినవాళ్లు ఎప్పుడో గీత పక్కన నిలబడి కళ్లారా చూసి ఉంటారు. ఓడిన గుర్రం మీద పడే దెబ్బ కోపంతో పడే దెబ్బ.

మీ పోస్టరులో ‘జాతీయ స్థాయి’ అని ఉంది. గుర్రపు స్వారీ క్రీడలకు జాతీయ సంస్థ ఢిల్లీలోని భారత ఈక్వెస్ట్రియన్ సమాఖ్య. దాని కింద పోటీపడిన నలుగురు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సేజ్ జట్టు స్వర్ణం తెచ్చారు. ఈ క్రీడలో మన దేశానికి 41 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారం. ఆ స్థాయిలో గుర్రానికి కూడా పాస్‌పోర్టు ఉంటుంది, తలకు హెల్మెట్ లేనిదే పోటీదారు గుర్రమెక్కడు. రెండు పెళ్లిగుర్రాలు తెచ్చి ‘జాతీయ స్థాయి’ అని రాయడం, ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో గుర్రం బొమ్మ పెట్టడం, 50 రూపాయలు తీసుకోవడం. ఈ మూడూ కలిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటారు. టికెట్ కొన్నవాడు వినియోగదారుడే. జిల్లా కమిషన్‌కు పోవచ్చు.

రాత్రి బాబాయి ఇంట్లో కూర్చున్నారు. పిన్ని పెసరట్లు వేస్తోంది. పోస్టరు మళ్లీ బయటికొచ్చింది.

“పిల్లల స్వారీ దగ్గర తల్లిదండ్రుల సంతకం తీసుకుంటాం బాబాయ్, మా ఇష్టపూర్వకంగానే అని.”

“మైనరుతో ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఇక తల్లిదండ్రుల సంతకమంటావా, నీ నిర్లక్ష్యానికి వాళ్ల సంతకం మాఫీ కాదు. ఆ లింకులో ఇంకా ఏం అడిగావు?”

పేరు, వయసు, ఫొటో, ఆధార్, ఫోను నంబరు. ఆ వివరాలన్నీ ఎవరి జీమెయిల్‌కు పోతాయో మీకే సరిగ్గా తెలియదు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన అనుమతి ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. స్వారీకి ఆధార్ ఎందుకో మీరు చెప్పలేకపోయారు. బాబాయి ఆ గడి కొట్టేశాడు.

లైవ్ కింద కామెంట్లలో పై పందేలు మొదలవుతాయన్న సంగతి మీ ఇద్దరికీ తెలుసు. 1996లో సుప్రీంకోర్టు గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆట అంది, నిజమే. అది మద్రాసు రేస్ క్లబ్బు కేసు, లైసెన్సు ఉన్న రేసుకోర్సు మాట. మీ మామ చేలో నోటు చూపించి కట్టే పందేనికి ఆ తీర్పు గొడుగు పట్టదు. రాష్ట్రంలో 1974 గేమింగ్ చట్టం ఉంది, 2020లో ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేసినా రెండేళ్ల జైలు, 50 లక్షల జరిమానా దాకా రాశారు.

“ఏదన్నా అయితే పోస్టు తీసేస్తాం,” అన్నారు మీరు, చివరి ప్రయత్నంగా.

బాబాయి తల అడ్డంగా ఊపాడు. స్క్రీన్‌షాట్ తీసినవాడి దగ్గర అది ఉంటుంది. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా తీసుకోవడానికి 2023 సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ఉంది. ఐటీ చట్టం 79వ సెక్షన్ ఫేస్‌బుక్‌కూ వాట్సాప్‌కూ రక్షణ ఇస్తుంది, వాళ్లు మధ్యవర్తులు కాబట్టి, ఉత్తర్వు రాగానే తీసేస్తారు కాబట్టి. పోస్టు పెట్టినవాడికి ఆ రక్షణ లేదు. కింద మూడు ఫోను నంబర్లు వేశారు. సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు. కేసంటూ వస్తే అది సంఘం పేరు మీద కాక ఆ మూడు నంబర్ల మనుషుల మీద నేరుగా వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం బాబాయి దగ్గర కూడా మంచి జవాబు లేదు. ఆ ముళ్ల కళ్లేనికి శిక్ష ఎంత అని అడిగారు మీరు. 11వ సెక్షన్ కింద మొదటిసారి క్రూరత్వానికి 10 నుంచి 50 రూపాయలు. ఎప్పుడో దశాబ్దాల కిందట పెట్టిన అంకె. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రదర్శిస్తే 500 రూపాయలు లేదా మూడు నెలల జైలు, లేదా రెండూ. 2022 నవంబరులో కేంద్రం సవరణ ముసాయిదా పెట్టి జనాభిప్రాయం అడిగింది. పాత అంకెలు అలాగే ఉన్నాయి. గుర్రం నోట్లో ఇనుప ముళ్లు దింపడానికి 50 రూపాయలు, దాన్ని చూడటానికి కూడా 50 రూపాయలు. ఇది సిగ్గుపడాల్సిన సంగతి. జంతువును చంపినా, అంగవైకల్యం చేసినా న్యాయసంహిత 325 కింద ఐదేళ్ల దాకా పడొచ్చు, కానీ అంతదాకా పోవాలంటే గుర్రం కాలు విరగాలి.

లెక్క తేలింది. బల్లభ్‌గఢ్‌కు దరఖాస్తు, ప్రతి గుర్రానికీ గ్లాండర్స్ పరీక్ష, ప్రయాణ సర్టిఫికెట్లు, నేల చదును చేసి ఇసుక వేయడం, జనానికీ గుర్రాలకూ మధ్య రెండు వరసల కంచె, పందిరికి అగ్నిమాపక శాఖ అనుమతి, మైకుకు పోలీసు అనుమతి, ప్రమాద బీమా, రోజంతా అక్కడే ఉండే పశువైద్యుడు, మనుషులకు అంబులెన్సు. నెలలో అయ్యేవి కావు. మీరు గ్రూపులో ఒక్క వాక్యం పెట్టారు: ‘ఈ సంక్రాంతికి గుర్రపు పందేలు లేవు. కాగితాలన్నీ సరిచేసుకుని పై ఏడాది పెడదాం.’ ఫ్లెక్సీకి ఇచ్చిన అడ్వాన్సు పోయింది. ఇద్దరు స్నేహితులు మీతో మాట్లాడటం మానేశారు. గుర్రాలాయనకు మాత్రం డాక్టరు గారు ముళ్లు లేని నునుపు కళ్లెం ఒకటి చూపించి, అలాంటివి ఎక్కడ దొరుకుతాయో చెప్పి పంపారు.

ఇక నిజంగా ఇది చదువుతున్న మీకు ఒక మాట. ఈ పండక్కి మీ ఫోనుకు గుర్రాల పోటీ పోస్టరు వస్తే వెంటనే పది మందికి పంపకండి. కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసి, జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉందా, గుర్రాలకు రక్తపరీక్ష అయిందా, ఆ రోజు డాక్టరు ఎవరు అని అడగండి. జవాబు రాకపోతే ఆ పోస్టరునే మీ మండల తహసీల్దారుకూ, స్టేషన్‌కూ పంపండి, పోటీ రోజు దాకా ఆగకండి. దెబ్బతిన్న జంతువు కనపడితే పశువుల అంబులెన్సు నంబరు 1962.